కాటర్ పిన్ను క్రాంకులు: పాత సైకిల్‌కు విప్పడం, బిగించడం

పోయిన నెల చండూరు దగ్గరి ఊరి నుంచి ఒక అబ్బాయి తన తాత సైకిల్‌ను ఆటో వెనక కట్టుకొని మా ఇంటికి తెచ్చాడు. 24 అంగుళాల ఫ్రేమున్న హెర్క్యులిస్. తాత తాళ్లు గీసేవాడట. క్యారియర్‌కు రెండు పక్కలా కల్లు లొట్లు కట్టీ కట్టీ, తాడు రాసుకున్న చోట రంగు పోయి ఇనుము నున్నగా మెరుస్తోంది. కల్లు కారి ఎండిన జాగాల్లో, ముఖ్యంగా ఎడమ క్రాంకు, అంటే పెడల్‌ను మోసే ఇనుప చెయ్యి మీద, తుప్పు పొక్కులు లేచి ఉంది.

"అక్కా, తొక్కుతుంటే ఎడమ దిక్కు టక్కుటక్కుమంటది. షాపుల చూపిస్తే క్రాంకులు, యాక్సిల్, చైన్ వీల్ అన్నీ పోయినయ్, సెట్టు మొత్తం మార్చాలె అన్నరు. తాత ఒప్పుకుంటలేడు" అన్నాడు.

తాత ఒప్పుకోకపోవడమే మంచిదైంది. ఆ సైకిల్‌కు పోయింది ఒక్క కాటర్ పిన్ను. టీ తాగినంత ఖర్చు. క్రాంకులు, చైన్ వీల్ ఇంకో ముప్పై ఏళ్లు నడుస్తాయి. ఇలా బాగున్న సామాన్లు తూకానికి పోవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఈ పని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో, నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

మా నాయన దేవరకొండలో కిరాయి సైకిళ్ల దుకాణం నడిపేవాడు. 22 సైకిళ్లు ఉండేవి, ప్రతి చైన్ కవర్ మీద తెల్ల పెయింట్‌తో నంబరు. కిరాయి సైకిల్‌ను ఎవరూ తమదనుకొని తొక్కరు. ముగ్గురెక్కుతారు, బియ్యం బస్తా వేస్తారు, ఖిల్లా దిక్కు చడావులో సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతారు. ఆ బరువంతా చివరికి వచ్చి పడేది క్రాంకు పిన్నుల మీదే. వారానికి రెండు మూడైనా మార్చాల్సి వచ్చేది. ఆరో తరగతి నుంచి ఆ పిన్నులకు ఆకురాయి పట్టడం నా పని. ఇప్పుడు నల్లగొండలో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆదివారాలు మాత్రం మా వరండాలో పాత సైకిళ్లు తప్ప ఇంకేవీ ఉండవు.

అసలు ఆ పిన్ను చేసే పనేమిటి

పాత తరహా సైకిల్‌లో క్రాంకు, రెండు క్రాంకులనూ కలిపే నడిమి ఇరుసు, అంటే యాక్సిల్ మీద గుండ్రటి రంధ్రంతో కూర్చుంటుంది. యాక్సిల్ కొసలో ఒక పక్క చదునుగా గాడి కోసి ఉంటుంది. క్రాంకుకు అడ్డంగా ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి పిన్ను దూరి, దాని ఏటవాలు చదును వచ్చి యాక్సిల్ గాడికి ఒరుసుకొని బిగుస్తుంది. గొడ్డలి కామ ఊడకుండా చీల కొడతాం కదా, అచ్చం అదే. పట్టంతా ఆ చీలదే. పిన్ను కొసన ఉండే నట్టు, చీల వెనక్కి జారిపోకుండా కాపలా కాస్తుంది, అంతే.

ఈ ఒక్క సంగతి తెలియకనే ఎక్కువ సైకిళ్లు పాడవుతున్నాయి. టక్కుమనగానే పానా తీసుకొని నట్టును బలం కొద్దీ బిగిస్తారు. నట్టుకు పిన్నును లోపలికి లాగేంత శక్తి లేదు. సన్నటి మరలు తెగిపోతాయి. చప్పుడు అలాగే ఉంటుంది, ఇప్పుడు నట్టు కూడా నిలవదు. "పిన్ను కూసోకముందు నట్టు బిగిస్తే మర పోతది బిడ్డా" అని నాయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఇంకో సంగతి. పిన్ను మెత్తటి ఇనుము, యాక్సిల్ గట్టి ఉక్కు. అరిగేది, నలిగేది పిన్నే కావాలని అలా చేశారు. పిన్ను లూజైనా అలాగే తొక్కుతూ పోతే మాత్రం నలిగిన పిన్ను అంచు యాక్సిల్ గాడిలో మెట్టు పడేలా కొరుకుతుంది. ఆ తర్వాత క్రాంకు రంధ్రం సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అప్పుడు నిజంగానే సెట్టు మార్చాలి. అందుకే చప్పుడు మొదలైన రోజే చూడాలని నేను పట్టుపడతాను.

చప్పుడు ఎక్కడిది

విప్పేముందు రోగం ఎక్కడుందో తేల్చుకోవాలి. సైకిల్‌ను గోడకు ఆనించి, రెండు పెడల్స్‌నూ నేలకు సమంగా ఒకటి ముందుకు ఒకటి వెనక్కి పెట్టి, వాటి మీద నిలబడండి. దిగి క్రాంకును సగం చుట్టు తిప్పి, మళ్లీ నిలబడండి. ఏదో ఒకసారి ఒక పెడల్ కాలికింద కొంచెం దిగినట్టు తెలిస్తే ఆ వైపు పిన్ను లూజు.

చేత్తో చూడాలంటే ఒక్కో చేతిలో ఒక్కో క్రాంకు కొస పట్టుకొని, ఒకదాన్ని తొక్కే దిక్కుకు, ఇంకోదాన్ని దానికి ఎదురు దిక్కుకు తిప్పబోయి చూడండి. రెండోది కదలకుండా ఒకటే ఆడితే పిన్ను. రెండూ కలిసి పక్కకు, అంటే ఫ్రేమ్ వైపుకూ బయటికీ ఊగితే అది యాక్సిల్ తిరగడానికి ఫ్రేమ్‌లో బిగించే కప్పులు, వాటిలోని ఉక్కు గుండ్ల సంగతి. రెండూ గట్టిగానే ఉండి చప్పుడు వస్తుంటే పెడల్ తీసి చూడండి. ఎండిన పెడల్ కూడా చుట్టుకొకసారి టక్కుమంటుంది, మనుషుల్ని బాగా తప్పుదారి పట్టిస్తుంది.

ఆ హెర్క్యులిస్‌కు ఎడమ క్రాంకు ఒకటే ఆడింది. కుడిది రాయిలా ఉంది.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

కొత్త పిన్నులు చేతిలో లేకుండా పాతవి కొట్టకండి. పాత పిన్ను మంచిగానే బయటికొచ్చినా దాన్ని మళ్లీ వాడొద్దు. రెండు వైపులా ఒకే షాపులో, ఒకే రకం జత కొనండి. మన దగ్గరి సైకిళ్లకు, పాత ఇంగ్లిష్ సైకిళ్లకు ఎక్కువగా పట్టేది 9.5 మిల్లీమీటర్ల పిన్ను, అంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. వడ్రంగి లెక్కలో మూడు సూత్‌లు. 9 మిల్లీమీటర్ల పిన్నులు కూడా ఉన్నాయి. అవి ఫ్రాన్స్ వంటి దేశాల సైకిళ్లవి. పొరపాటున అది వేస్తే ఎంత కొట్టినా పట్టు రాదు.

కొనేటప్పుడు చదును భాగం సాపుగా ఉందో లేదో, నట్టు వేళ్లతో చివరిదాకా తిరుగుతుందో లేదో చూడండి. ఆకురాయి పెడితే సబ్బులా కోసుకుపోయే పిన్ను నాసిరకం. నాలుగు రోజుల్లో నలుగుతుంది.

ఇక కిలో బరువున్న సుత్తె కావాలి. చిన్న సుత్తెతో పది దెబ్బలు కొడితే పిన్ను కొస పువ్వులా విచ్చుకొని ఇంకా ఇరుక్కుంటుంది. పెద్ద సుత్తెతో ఒక్క దెబ్బ నయం. సన్న పళ్ల చదును ఆకురాయి, నట్టుకు సరిపోయే పానా, గ్యాస్ నూనె (కిరోసిన్), గ్రీజు, పాత బట్టలు ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది అర అంగుళం నీళ్ల పైపు ముక్క. సైకిల్ నిలబెట్టి, క్రాంకును అడ్డంగా పెట్టి, క్రాంకు అడుగు నుంచి నేలదాకా ఎంతుందో కొలిచి సరిగ్గా అంతే పొడవు కోయించండి. రెండు కొసలూ వంకర లేకుండా ఉండాలి. ఈ పైపు లేకుండా పని మొదలుపెట్టొద్దని ఎందుకంటున్నానో చెప్తాను.

నాకు పదమూడేళ్లప్పుడు నాయన ఊరికి వెళ్లిన రోజు, 9వ నంబరు సైకిల్ పిన్ను నేనే తీశాను. కింద ఏమీ ఆన్చలేదు. నాలుగు దెబ్బలకు పిన్ను ఊడింది, కొత్తది వేశాను, చాలా సంతోషపడ్డాను. వారం తిరగకముందే ఆ సైకిల్ తొక్కితే గరగర. నాయన విప్పి కప్పు నా చేతిలో పెట్టాడు. గుండ్లు కూర్చున్న ప్రతిచోటా, వరసగా, చుక్క పెట్టినట్టు సన్న గుంట. నా సుత్తె దెబ్బ పిన్ను మీద ఆగలేదు. క్రాంకు నుంచి యాక్సిల్‌కు, యాక్సిల్ నుంచి గుండ్లకు, గుండ్ల నుంచి కప్పుకు పోయింది. నాయన తిట్టలేదు. మర్నాడు పైపు కోసి, దానికి నా పేరు చెక్కి ఇచ్చాడు. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

విప్పడం

మొదట ఫోన్‌తో రెండు వైపులా ఫొటోలు తీయండి. నట్టు ఏ వైపుంది, పిన్ను ఎంత బయటికుంది అన్నది తర్వాత అక్కరకొస్తుంది. తర్వాత పిన్ను రెండు కొసలా మట్టి, తుప్పు బ్రష్‌తో గీకి, గ్యాస్ నూనెలో నాలుగు చుక్కల ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి రాత్రంతా వదిలేయండి. తుప్పు పట్టిన సైకిలైతే రెండు రాత్రులు. ఈ ఓపిక సగం పని చేసి పెడుతుంది.

కుడి వైపు నిండు చైన్ కవర్ ఉంటే దాన్ని ముందే విప్పుకోవాలి. పెడల్స్ తీయడం తప్పనిసరి కాదు. తీయాల్సి వస్తే ఎడమ పెడల్‌కు ఎడమ మర ఉంటుందని గుర్తుంచుకోండి. ఏ వైపైనా సరే, పానాను పై నుంచి పట్టుకొని వెనక చక్రం దిక్కు తిప్పితే లూజవుతుంది. ఇది నేర్చుకుంటే కుడి, ఎడమ అని తికమక ఉండదు.

ఇప్పుడు క్రాంకును అడ్డంగా, నట్టు ఆకాశం వైపు ఉండేలా తిప్పండి. నట్టును లూజు చేయండి, కానీ పూర్తిగా తీయకండి. నట్టు పై అంచు, పిన్ను కొస సమంగా ఉండేదాకా విప్పి వదిలేయండి. దెబ్బ ఇద్దరూ పంచుకుంటారు, మరలు బతుకుతాయి. పైపును క్రాంకు కింద నిటారుగా పెట్టి, పిన్ను తల పైపు బోలులోకి వచ్చేలా సర్దండి. పైపు కింద గట్టి నేల కావాలి. షాబాద్ బండలు పరిచిన వరండా అయితే బండ పగులుతుంది. నేను ఒక నల్లరాయి ముక్కను బయట మట్టిలో పాతుకొని దాని మీద పెట్టుకుంటాను. ఆ రాయి నేల పైకి లేచినంత ఎత్తు తీసేసి పైపు కొలత తీసుకోవాలి. సైకిల్ బరువు పైపు మీద పడుతున్నట్టు ఉండాలి, మధ్యలో సందు ఉండకూడదు.

ఒకరు సైకిల్ పట్టుకోవాలి. ఇంకొకరు సుత్తెను నిటారుగా, సూటిగా, భయం లేకుండా ఒక్క దెబ్బ కొట్టాలి. మెల్లగా కొడదామనుకుంటేనే పిన్ను వంగుతుంది. కదిలిందంటే చప్పుడు మారుతుంది. ఠంగుమనేది కాస్తా ఠప్పుమంటుంది. అప్పుడు నట్టు పూర్తిగా తీసి, సన్న బోల్టు ఒకటి ఆన్చి మిగతాది దిగకొట్టండి.

రెండు మూడు దెబ్బలకూ రాకపోతే ఆగండి. పెద్ద జి క్లాంప్ దొరికితే, ఒక వైపు పిన్ను తలకు ఎదురుగా సాకెట్ లాంటి బోలు ముక్క పెట్టి, ఇంకో వైపు పిన్ను కొసను నొక్కేలా బిగించండి. బిగించి ఒక పూట వదిలేసి, క్లాంప్ అలా ఉండగానే క్రాంకు మీద పక్క నుంచి చిన్న దెబ్బ వేస్తే చాలాసార్లు ఠప్పున వదులుతుంది. అయినా రాకుంటే డ్రిల్లింగే గతి. పైకొచ్చిన మరల భాగాన్ని రంపంతో కోసి, నడుమ పంచ్‌తో గుర్తు పెట్టి, 4 మిల్లీమీటర్లు, 6, ఆ తర్వాత 8 అని పెంచుకుంటూ పోండి. గుర్తు నడుమ లేకుంటే డ్రిల్ క్రాంకునే తినేస్తుంది. గ్యాస్ మంటతో కాల్చడం నాకు ఇష్టం లేదు. నికెల్ పూత నల్లబడుతుంది, లోపలి గ్రీజు కరిగిపోతుంది.

లోపల చూడాల్సింది

క్రాంకు బయటికొచ్చాక యాక్సిల్ గాడిని తుడిచి, బొటనవేలి గోరు అడ్డంగా గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే మెట్టు పడినట్టు. కొద్దిగా తట్టుకుంటే పర్వాలేదు, కొత్త పిన్ను ఆ పైకీ కిందికీ ఆనుతుంది. లోతుగా ఉంటే యాక్సిల్ మార్చాలి. ఆకురాయితో సాపు చేద్దామనుకోకండి, ఆ ఉక్కు లొంగదు, లొంగినా గాడి కోణం పోతుంది.

ఇంతదాకా వచ్చారు కాబట్టి గుండ్లు కూడా మార్చేయండి. ఎడమ వైపు గుండ్రటి లాక్ రింగ్‌ను విప్పి, కప్పును మామూలు మరలాగే ఎడమకు తిప్పితే వస్తుంది. కింద ఒక గిన్నె పెట్టండి, గుండ్లు దొర్లిపోతాయి. కుడి కప్పును ఊడదీయాల్సిన పని సాధారణంగా ఉండదు. లోపలే బట్టతో తుడిచి, టార్చి వేసి గుంటలున్నాయేమో చూస్తే చాలు. మార్చాల్సే వస్తే దానికి ఎడమ మర ఉంటుంది, కుడికి తిప్పితేనే విప్పుకుంటుంది. ఇది తెలియక రెండడుగుల పైపు తొడిగి ఎడమకు లాగి, ఫ్రేమ్ మరలు పాడు చేసుకున్నవాళ్లను చూశాను.

గుండ్లను పట్టి ఉంచే చట్రం (కేజ్) లేని సైకిళ్లలో ఒక్కో వైపు పావు అంగుళం గుండ్లు 11 పడతాయి. కప్పులో గ్రీజు దట్టంగా పూసి అందులో గుచ్చితే నిలుస్తాయి. పాతవాటిలో మంచివి ఏరి కొత్తవాటితో కలపొద్దు. వెంట్రుకవాసి పెద్దదైన గుండు మీదే బరువంతా పడుతుంది. కప్పు బిగించేటప్పుడు యాక్సిల్ వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పక్కలకు ఊగకూడదు. లాక్ రింగ్ బిగించగానే కప్పు కూడా కొంచెం జరుగుతుంది, కాబట్టి మళ్లీ చూసుకొని సర్దుకోవాలి. నాకు ఇప్పటికీ ఇది మూడోసారికి కానీ కుదరదు.

యాక్సిల్ కొత్తది కొనాల్సి వస్తే పాతది వెంట తీసుకెళ్లండి. చాలా యాక్సిళ్లకు రెండు కొసలూ ఒకే పొడవుండవు, పొడవు కొస చైన్ వైపుకు రావాలి. కప్పుల విషయంలో ఇంకో జాగ్రత్త. మన హెర్క్యులిస్, అట్లాస్, హీరోలకు అంగుళానికి 24 మరలు. ఇంగ్లండ్‌లో చేసిన పాత రాలేలకు 26. చూపుకు రెండూ ఒకటే, పట్టిస్తే రెండు చుట్లు తిరిగి ఇరుక్కుంటుంది. బలవంతం చేస్తే ఫ్రేమే పోతుంది. చెన్నై పక్కన అంబత్తూర్‌లో టీఐ సైకిల్స్ కంపెనీ 1949లో మొదలయ్యేదాకా హెర్క్యులిస్ కూడా బర్మింగ్‌హామ్ సరుకే. కాబట్టి తాతల కాలపు సైకిల్ అంటే, ఏదైనా సరే, కొనేముందు పాత ముక్కతో సరిపోల్చి చూడటమే మంచిది.

క్రాంకే మార్చాల్సి వస్తే

రంధ్రం సాగితే, పెడల్ మరలు కొట్టుకుపోతే, పగులు కనిపిస్తే క్రాంకు మార్చక తప్పదు. వంగితే మాత్రం మార్చనక్కర్లేదు. పాత క్రాంకు ఉక్కుది, చల్లగా ఉండగానే వైస్‌లో బిగించి పొడవు పైపు తొడిగి నిదానంగా వంచితే దారికొస్తుంది. అల్యూమినియం క్రాంకుకు ఇలా ఎప్పుడూ చేయకండి, ఈరోజు నిలబడినా రేపు విరుగుతుంది.

కొత్త క్రాంకుకు పొడవు కొలవాలి. పెడల్ రంధ్రం నడిమి నుంచి యాక్సిల్ రంధ్రం నడిమికి. మన నిలువు సైకిళ్లకు ఎక్కువగా 6½ అంగుళాలు, అంటే 165 మిల్లీమీటర్లు. ఒక వైపు అది, ఇంకో వైపు 170 పెడితే ఐదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, పది కిలోమీటర్లు తొక్కాక మోకాలు చెబుతుంది తేడా. షాపులో యాక్సిల్ దూర్చి చూడండి. చేత్తో నెడితే జారిపోవాలి, దూరాక ఊగకూడదు. పాత బజారులో వెతికే ఓపికుంటే తుక్కు సైకిళ్ల నుంచి తీసిన పాత క్రాంకే కొనండి. పూత పోయి ఉన్నా ఆ ఇనుము మందం వేరు.

కొందరు ఇవన్నీ తీసేసి నాలుగు పలకల యాక్సిల్, కొత్త రకం క్రాంకులు వేయించుకుంటున్నారు. రోజూ దూరాలు తొక్కేవాళ్లు అలా చేస్తే నేను కాదనను. తాత సైకిల్‌ను తాత సైకిల్‌లాగే ఉంచాలనుకునేవాళ్లు మాత్రం ఆ పని చేయొద్దని బతిమాలుతాను.

పిన్నుకు ఆకురాయి

కొత్త పిన్ను పెట్టగానే సరిపోవడం అరుదు. వేలితో నెట్టినప్పుడు నట్టు వైపు మరలు అసలు బయటికి రాకపోతే పిన్ను లావుగా ఉంది, చదును అరగదీయాలి. నెట్టగానే మరలన్నీ బయటికొచ్చి పిన్ను తల క్రాంకులోకి మునిగితే అది సన్నం, పనికిరాదు. వేలితో నెట్టినప్పుడు రెండు మూడు మరలు కనబడాలి. సుత్తె దెబ్బ తర్వాత వాషర్, నట్టు నిండుగా పట్టేంత రావాలి. ఇంకా ముందుకు పోవడానికి కొంచెం జాగా కూడా మిగలాలి, ఎందుకంటే నాలుగు రోజులు తొక్కాక పిన్ను ఇంకొంచెం కూర్చుంటుంది.

పిన్నును వైస్‌లో రెండు వెదురు బద్దల నడుమ పెట్టండి, లేకుంటే వైస్ పళ్లు మరలను కొరుకుతాయి. చదును పూర్తిగా పైకి, నేలకు సమంగా ఉండాలి. ఆకురాయిని రెండు చేతులతో పట్టుకొని, ముందుకు పోయేటప్పుడే ఒత్తాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే చదును కాస్తా దోసె పెనంలా నడుమ ఉబ్బుతుంది. ఉబ్బిన పిన్ను ఒక్క గీతలోనే ఆనుతుంది, వారంలో లూజు. నాలుగు సార్లు ఆకురాయి పట్టి, ఒకసారి పెట్టి చూడాలి. మళ్లీ నాలుగు సార్లు. తొందరపడితే ఎక్కువ పోతుంది, పోయిన ఇనుము తిరిగి రాదు.

ఎక్కడ ఆనుతుందో తెలియడానికి నాయన దీపం మసి వాడేవాడు. చదునుకు మసి పూసి, పిన్ను పెట్టి చిన్న దెబ్బ కొట్టి తీస్తే ఆనిన చోట మసి చెరిగి తళతళలాడుతుంది. మసి దొరక్కుంటే మార్కర్ పెన్ను చాలు. చదును సగానికి మించి తళతళలాడేదాకా నేను వదలను. ఒక అంచునే చెరిగిందంటే కోణం తప్పింది, ఆ అంచు నుంచే తీయాలి. కోణం తప్పిన పిన్నుతో క్రాంకు కూడా వంకరగా కూర్చుంటుంది, రెండు పెడల్స్ ఒక గీతలోకి రావు. రెండు పిన్నులకూ ఇంచుమించు సమానంగా తీయాలి. ఇదంతా చదివితే పెద్ద పనిలా ఉంటుంది కానీ, చేయి అలవాటైతే ఒక్కో పిన్నుకు పావుగంట.

కూర్చోబెట్టడం

పిన్నులు ఏ వైపు నుంచి వేయాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. కుడి క్రాంకును నిటారుగా పైకి నిలిపినప్పుడు నట్టు ముందుకు ఉందనుకోండి. ఎడమ క్రాంకును అలాగే పైకి నిలిపినప్పుడు కూడా నట్టు ముందుకే రావాలి. అంటే సైకిల్ ఆగి ఉన్నప్పుడు ఒకేసారి రెండూ చూస్తే ఒక నట్టు ముందుకు, ఇంకోటి వెనక్కి కనబడుతుంది. రెండూ ఒకే దిక్కు కనబడ్డాయంటే ఒకటి తిరగబడింది.

క్రాంకు రంధ్రంలో, పిన్ను మీద సన్నగా గ్రీజు పూయండి. కొందరు పొడిగా వేస్తారు. మన ఎండలకు, వానలకు, మళ్లీ విప్పాల్సిన రోజు గుర్తొచ్చి నేను గ్రీజే పూస్తాను. క్రాంకును తొడిగి, పిన్ను దూర్చి, మళ్లీ అదే పైపు కింద పెట్టండి. ఈసారి మరల కొస బోలులోకి, పిన్ను తల పైకి. రెండు మూడు గట్టి దెబ్బలు. పిన్ను ఇక కదలడం ఆగాక వాషర్, నట్టు వేసి మామూలు బలంతో బిగించండి. ఆ తర్వాత ఇంకో దెబ్బ, నట్టుకు ఇంకో పావు చుట్టు.

కుడి క్రాంకును సీటు కింది పైపు వెంబడే ఆన్చినట్టు పైకి నిలిపి చూడండి. ఎడమది ఆ పైపు గీతలోనే కిందికి సాగినట్టు ఉండాలి. వేలెడు పక్కకు పోతే ఏదో ఒక పిన్ను చదును చూసుకోవాలి.

ఆ తర్వాత తొక్కాలి. ఊరికే గల్లీలో రెండు చుట్లు కాదు, బరువు పడేలా. నాయన ఖిల్లా చడావు ఎక్కి దిగి వచ్చేవాడు. నేను పానగల్ దాకా వెళ్లి, చెరువు కట్ట మీద కాసేపు నిలబడి వస్తాను. వచ్చాక పైపు పెట్టి మళ్లీ ఒక్కో దెబ్బ, నట్టు మళ్లీ బిగింపు. వారం పది రోజులు తొక్కాక ఇంకొక్కసారి. ఈ రెండోసారి బిగించనివాళ్ల సైకిళ్లే నా దగ్గరికి మళ్లీ వస్తుంటాయి.

ఆ అబ్బాయికి ఇదే చెప్పి పంపాను. పదో రోజు వచ్చాడు, ఈసారి ఆటోలో కాదు, చండూరు దిక్కు నుంచి తొక్కుకుంటూ. వెనక క్యారియర్‌కు సంచిలో తాటి ముంజలు కట్టి ఉన్నాయి, తాత పంపాడట. ఎడమ పిన్నుకు ఒక దెబ్బ కొడితే వెంట్రుకవాసి జరిగింది, నట్టు పావు చుట్టు తిరిగింది. కుడిదానికీ కొట్టాను. అది కదలలేదు.